గుడారము కట్టిన చేతులు

ధ్యాన వాక్యభాగము: నిర్గమకాండము 35వ అధ్యాయము 20వ వచనము మొదలు 36వ అధ్యాయము 13వ వచనము వరకు.



నిర్గమకాండము చివరి భాగము గుడిలో చదువబడునప్పుడు మనలో అనేకులకు కునుకు వచ్చును. ఎఱ్ఱసముద్రము పాయలైన సంగతి విన్నంత ఆసక్తితో తెరల పొడుగును, పలకల వెడల్పును, దిమ్మల లెక్కను వినలేము. అయినను లేఖనములో ఊరకనే వ్రాయబడిన మాట లేదు. ఆకాశమును భూమిని సృజించిన వృత్తాంతమును రెండు అధ్యాయములలో ముగించిన గ్రంథము, ఒక గుడారము కట్టిన వృత్తాంతమునకు పదమూడు అధ్యాయముల చోటు ఇచ్చినది. ఎందుచేత? లోకమును దేవుడు ఒక్కడే చేసెను. గుడారమునైతే మనుష్యుల చేతులతో చేయించెను. ఐగుప్తులో ఇటుకలు చేసి చేసి కాయలు కాచిన చేతులవి. ఫరో పట్టణములు కట్టిన ఆ చేతులే ఇప్పుడు దేవునికి నివాసము కట్టినవి. బానిసల గుంపు ఒక సంఘమైన విధమును తెలుపుటకే ఇంత వివరముగా వ్రాయబడినది. ఈ నెల దానిని మనము ధ్యానింతము.

మొదటిది: దేవుని ఆత్మ ఎవరిని నింపెనో చూడుడి.

యూదా గోత్రములో హూరు మనుమడును ఊరు కుమారుడునైన బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపెనని మోషే ప్రజలతో చెప్పెను. ఏ పని నిమిత్తము నింపెను? ప్రవచించుటకు కాదు, యుద్ధమునకు పోవుటకు కాదు. బంగారు వెండి యిత్తడి పనులు చేయుటకు, రత్నములు సానబట్టుటకు, కఱ్ఱ చెక్కుటకు నింపెను. దేవుని ఆత్మతో నింపబడెనని బైబిలులో మొట్టమొదట చెప్పబడినవాడు ఒక పనివాడని మనము మరువరాదు. ఆత్మ పూర్ణుడనగానే గొంతెత్తి ప్రార్థన చేయువాడు మన కన్నుల ఎదుట నిలుచును. అదియు ఆత్మ కార్యమే. కాని బాడిసె పట్టిన వడ్రంగి, మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు, గోడకు తూకపు గుండు వ్రేలాడదీసి చూచు తాపీమేస్త్రీ, కుండకు చేయి ఆనించి గుండ్రన తెచ్చు కుమ్మరి, వీరి నేర్పు ఎక్కడనుండి వచ్చినది? ఆ నేర్పు కూడ పైనుండి వచ్చిన ఈవియేనని బెసలేలు మనకు సాక్ష్యమిచ్చుచున్నాడు. మన ప్రభువు తానే నజరేతులో వడ్లవాడని పిలువబడెను గదా! ఆయనను చూచి అభ్యంతరపడినవారు ఆ పేరును చులకనగా పలికిరి. మనము దానిని భక్తితో పలుకుదము.

రెండవది: దేవుడు ఎవరి ప్రక్కన ఎవరిని నిలిపెనో చూడుడి.

బెసలేలు యూదా గోత్రపువాడు. రాజులు పుట్టవలసిన గోత్రమది. ఇశ్రాయేలీయులు పయనమైనప్పుడు మొదట కదలిన పాళెము యూదాదే. బెసలేలునకు తోడుగా దేవుడు ఇచ్చిన అహోలీయాబు దాను గోత్రపువాడు. దాను రాహేలు దాసియైన బిల్హాకు పుట్టినవాడు. పయనములో అందరికిని వెనుక, కడపట నడిచిన పాళెము దానుది. మొదటి పాళెమునుండి ఒకనిని, కడపటి పాళెమునుండి ఒకనిని దేవుడు పిలిచి, ఒకే పందిరి క్రింద కూర్చుండబెట్టి, ఒకే పని అప్పగించెను. యూదావాడు బంగారపు పని చేయవలెననియు, దానువాడు దూరముగా నిలిచి త్రాళ్లు పేనవలెననియు ఆయన చెప్పలేదు. ఇద్దరికిని ఒకే జ్ఞానమును ఇచ్చెను.

ప్రియులారా, మన పల్లెలలో ఈ మాట ఎంత అవసరమైనది! ఒక ఊరిలోనే ఈ పేట గుడి వేరు, ఆ పేట గుడి వేరు అయినచోట్లు కలవు. గుడి ఒకటే అయినను, ఈ వరుస మనది, ఆ వరుస వారిది అనుకొను చోట్లు కలవు. పాట ఎత్తువాడు మా పేటవాడే కావలెనని క్రిస్మస్ ముందు పోట్లాడుకొని, క్రిస్మస్ దినమున ముఖములు చాటువేసుకొని కూర్చున్నవారు కలరు. ప్రసంగములు ఎన్ని విన్నను తీరని ఈ దూరము, ఒక పని కలిసి చేయుటవలన కొంత తీరును. ఒకే కొయ్యకు ఇద్దరు చెరియొక ప్రక్కన రంపము పట్టినప్పుడు, ఒకని చేయి లాగితే రెండవవాని చేయి వదలవలెను. అట్లు చేయనియెడల రంపము కదలదు. దేవుడు బెసలేలునకు అహోలీయాబునకు ఒకే పని ఇచ్చుటలో ఇట్టి మర్మమున్నది.

మూడవది: పలువిధములైన పనులు ఒకే మందిరమైన విధమును చూడుడి.

గుడారపు తెరలు పది. ఐదు తెరలను ఒక కూర్పుగాను, తక్కిన ఐదింటిని మరియొక కూర్పుగాను కుట్టిరి. ఒక్కొక్క కూర్పు అంచున ఏబది కొలుకులు చేసి, ఏబది బంగారు గుండీలతో ఈ కూర్పును ఆ కూర్పును కలిపిరి. అప్పుడు అది ఒకే మందిరమాయెనని లేఖనము చెప్పుచున్నది. ఆలోచించుడి. తెర నేసినవాడు గుండీ పోతపోయలేడు. గుండీ పోతపోసినవాడు తెర నేయలేడు. నేతగాని పని గుండీ లేక రెండు ముక్కలై నిలిచిపోవును. కంసాలి పని తెర లేక గుప్పెడు బంగారపు తునుకలై మిగులును. రెండును కలిసినప్పుడే దేవుడు దిగివచ్చుటకు చోటు ఏర్పడెను.

ఇక స్త్రీల సంగతి. జ్ఞానహృదయము గల స్త్రీలు తమ చేతులతో వడికి, నీల ధూమ్ర రక్తవర్ణముల నూలును, సన్ననారను తెచ్చిరి. మేకవెండ్రుకలు వడికినవారును కలరు. మేకవెండ్రుక ముతకదని దేవుడు త్రోసివేయలేదు. సన్నని తెరలమీద ఆ మేకవెండ్రుకల తెరలే గుడారముగా పరచబడెను.

వాటికిని పైగా ఏమి కప్పిరి? తోళ్లు కప్పిరి. దీనిని మీరు బాగుగా గమనించుడి. మన దేశములో తోలుపని చేయువారిని ఊరి వెలుపల ఉంచిరి. వారి చేయి తగిలినది అంటరానిదనిరి. అయితే పరిశుద్ధ దేవుడు తన సొంత నివాసమునకు తోళ్లనే పైకప్పుగా కోరుకొనెను. అరణ్యములో ఎండ కాసినప్పుడును ఇసుకగాలి వీచినప్పుడును లోపలి బంగారమును కాచినది పైనున్న తోలే. క్రొత్త నిబంధనలోను చూడుడి. యొప్పే పట్టణములో పేతురు అనేక దినములు దిగిన ఇల్లు చర్మకారుడైన సీమోను ఇల్లు. దేవుడు పవిత్రపరచినదానిని నిషిద్ధమైనదని పిలువకూడదన్న దర్శనము అపొస్తలునికి కలిగినది ఆ చర్మకారుని మిద్దెమీదనే. ఆ యొప్పేలోనే దొర్కా అను శిష్యురాలు ఉండెను. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె గుణగణములను మాటలతో చెప్పుటకంటె, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను చూపుచు ఏడ్చిరి. ఒక కుట్టుసూది, ఒక తోలుశాల: యొప్పే సంఘమునకు ఈ రెండును ఆధారములాయెను.

మన తెలుగు సంఘముల చరిత్రలోను దేవుడు ఇట్లే చేయించెను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వంగదేశపు కుటుంబమువారు. అయినను తెలుగు రాగములలో తెలుగు తాళములలో క్రీస్తును కీర్తించిరి. వారు బాప్తిస్టు బోధకులు. కాని ఈనాడు వారి కీర్తనలను బాప్తిస్టులు పాడుదురు, లూథరనువారు పాడుదురు, దక్షిణ ఇండియా సంఘమువారు పాడుదురు. సిద్ధాంతములలో ఏకీభవింపని సంఘములు ఒక పాటలో ఏకీభవించుచున్నవి. గుండీవలె తెరను తెరకు కలిపిన పని ఇది.

మెదకులోని గొప్ప దేవాలయమును చూచినవారు మీలో చాలమంది యుందురు. పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. ఎత్తైన గోపురమును, రంగు అద్దముల కిటికీలను మనము తల ఎత్తి చూతుము. కాని కరువు దినములలో పనిలేక ఆకలిగొన్నవారికి కూలి దొరకవలెననియే ఆ కట్టడము సాగినదని మెదకువారు నేటికిని చెప్పుకొందురు. రాయి కొట్టినవారి, సున్నము మోసినవారి పేర్లు గోడలమీద లేవు. ఆ గోడలే వారి సాక్ష్యము. దోర్నకల్లులో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్యగారు కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన దేవాలయమును చూడుడి. 1912లో బిషప్పు అయినవారు సీమలోని గుడుల నమూనాను తెచ్చి ఇక్కడ నిలుపలేదు. గుమ్మటములు, మండపపు స్తంభములు, ఈ నేల పనివారికి పరిచయమైన రూపములనే దేవుని ఇంటికి తెచ్చిరి. ఈ దేశపు చేతిపని దేవుని సన్నిధికి తగినదేనని ఆ రాళ్లు పలుకుచున్నవి.

వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువా కవిగారు (1895–1971) కులము పేరిట ఎన్నో అవమానములు పడిరి. ఆ బాధను దాచుకొనక 1941లో గబ్బిలము కావ్యముగా వ్రాసిరి. వారి క్రీస్తు చరిత్ర కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. గుమ్మములోనికి రానీయనివారి చేతనే దేశము చేతులు జోడించునట్లు దేవుడు చేయగలడు.

పేరు తెలియనివారు ఇంకను ఎందరో కలరు. తంబుర మీటి కథ చెప్పువాడు ఒకడు, ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు ఇద్దరు, ఈ ముగ్గురు రాత్రి దీపము వెలుతురులో యోసేపు చరిత్రను బుఱ్ఱకథగా చెప్పినప్పుడు, అక్షరము రాని తల్లులు లేఖనమును కంఠస్థము చేసికొనిరి. కోలాటము వేయు ఆడపిల్లలను చూడుడి. ఒకతె కోల తప్పినచో చుట్టు అంతయు తడబడును. సంఘము ఒక్క శరీరమని పౌలు వ్రాసిన దానిని ఆ పిల్లలు కాళ్లతో చేతులతో చదువుచున్నారు.

నాలుగవది: ఒక హెచ్చరిక కలదు.

గుడారమునకు బంగారము తెచ్చిన ప్రజలే కొద్దికాలము క్రిందట తమ చెవుల పోగులు తీసి అహరోనుకు ఇచ్చిరి. అహరోను పోగరతో దానికి రూపము ఇచ్చి దూడను చేసెను. బంగారము అదే, చేతినేర్పు అటువంటిదే. ఒకచోట దేవుడు దిగివచ్చెను, మరియొకచోట దేవుని కోపము రగిలెను. భేదమెక్కడ ఉన్నది? గుడారమును దేవుడు చూపిన మాదిరి చొప్పున చేసిరి. దూడను తమ యిష్టము చొప్పున, తమ సంబరము కొరకు చేసికొనిరి. మోషే దేవుని మాటచొప్పున చేసిన ఇత్తడి సర్పమునకు సైతము ప్రజలు తరువాత ధూపము వేయగా, హిజ్కియా రాజు దానిని ముక్కలుగా కొట్టించెను. కాబట్టి పాట పాడువారలారా, మీ గొంతును మీరే ఆరాధింపకుడి. సెల్ ఫోనులో పదిమంది మెచ్చుకొనవలెనని పాడిన పాట దూడవంటిది. ప్రక్కయింటి ముసలమ్మ మరణపడకమీద ఆదరణ పొందవలెనని పాడిన పాట గుడారపు తెరవంటిది.

ఇక్కడనే డప్పు మాట చెప్పవలెను. నిప్పు సెగకు కాచి, చిర్రతో సిటికెనపుల్లతో వాయించు డప్పును గుడిలోనికి తేవచ్చునా అని కొందరు అడుగుదురు. అది జాతరలలో మ్రోగినదని వారి సంకోచము. చావు కబురు చెప్పుటకు, వెట్టిచాకిరికి మన తాతలచేత బలవంతముగా వాయింపించిరి గనుక అది మన అవమానపు గుర్తు అని మరికొందరి బాధ. ఈ రెండు మాటలను మనము తేలికగా తీసివేయరాదు. ఎవరిని బలవంతపెట్టను రాదు. కాని ఆలోచించుడి. ఇశ్రాయేలు స్త్రీలు తెచ్చిన ఆభరణములు ఎక్కడివి? ఐగుప్తీయుల ఇండ్లనుండి వచ్చినవే. బానిసత్వపు దేశమునుండి వచ్చిన బంగారమును దేవుడు తన మందిరమునకు అంగీకరించెను. నూట ఏబదియవ కీర్తన తంబురను తాళములను ఆరాధనకు పిలుచుచున్నది. వాయించువాడు తన యిష్టముతో, తల ఎత్తుకొని, దేవుని మహిమకొరకు వాయించినయెడల, నిన్నటి వెట్టి గుర్తు నేటి స్తుతి వాద్యమగును. అయితే గుడి వెలుపల ఊరేగింపునకు డప్పు కావలెను, గుడి లోపలి పెద్దల వరుసలో డప్పు వాయించువాడు వద్దు అనునదే మన మనస్సైనచో, ఆ డప్పు మ్రోత మనమీద నేరము మోపును.

అయిదవది: పనివాని జీతమును గూర్చి.

నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో మన సహోదరీలు లేసు అల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ కుటుంబముల స్త్రీలు ఈ పని నేర్పిరి. కొక్కెము గల చిన్న సూది, ఒక దారపు ఉండ, ఇంటి అరుగు, ఇంతే సాధనము. ఆ వేళ్లనుండి పూలు, ఆకులు, నక్షత్రములు పుట్టును. ఎన్నో ఇండ్లలో బిడ్డల చదువుకు ఆ దారమే ఆధారమైనది. ఎన్నో గుడులలో బల్లమీద పరచిన తెల్లని వస్త్రపు అంచు ఆ వేళ్ల పనియే. కాని 1982లో మరియా మీస్ అను పండితురాలు ఈ లేసు స్త్రీలనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించి, దేశదేశములకు పోవు ఆ లేసువలన వర్తకులు ధనవంతులగుచుండగా, అల్లిన స్త్రీకి దక్కునది బహు స్వల్పమని చూపిరి. ఇంటిలో తీరిక వేళ చేసికొను పనియేగదా అని దానిని పనిగానే ఎంచలేదు. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చుట మంచిదే. పేరుతోపాటు కూలియు రావలెను. పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని మేడ కట్టుకొనువానికి శ్రమ అని యిర్మీయా 22వ అధ్యాయములో ప్రభువు పలికెను. బిగబట్టబడిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను. ఈ మాటలు పట్టణపు వర్తకులకు మాత్రమే కాదు. మన గుడికి రంగులు వేసిన పనివానితో, ఇది దేవుని పనియే గదా, కొంచెము తగ్గించుము అని బేరమాడు సంఘ పెద్దలకు కూడ చెందును. పనివాడు తన యిష్టముతో కానుకగా విడుచుట వేరు. మనము నొక్కి తగ్గించుట వేరు. మోషే దినములలో ప్రేరేపింపబడినవారు తమంతట తామే తెచ్చిరి. ఎంత తెచ్చిరనగా, ఇక చాలునని పాళెమంతట చాటింపవలసి వచ్చినది.

కడపటిది: నేర్పుట.

దేవుడు బెసలేలునకు అహోలీయాబునకు పని చేయు జ్ఞానమునే గాక ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఇచ్చెనని 34వ వచనము చెప్పుచున్నది. నేర్పనివాని విద్య వానితోనే సమాధికి పోవును. మన పల్లెలలో పాత కీర్తనల వరుసలు తెలిసిన పెద్దలు ఇద్దరో ముగ్గురో మిగిలియున్నారు. వారు పోయినచో పుస్తకములో రాగముపేరు ఉండును, పాడువారుండరు. పండుగకు పట్టణమునుండి కీబోర్డును సౌండు బాక్సులను అద్దెకు తెచ్చి, వేలు చెల్లించి, మన పిల్లలను శ్రోతలుగా కూర్చుండబెట్టుచున్నాము. కీబోర్డు పాపమని నేను చెప్పను. కాని అద్దెకు తెచ్చిన చేతులతో మన గుడారము కట్టబడదు.

కాబట్టి ఈ మూడు పనులు మన సంఘములలో చేయుదము. ఒకటి, పాత వరుసలు తెలిసిన తాతగారినో అమ్మమ్మగారినో వారమునకు ఒక సాయంకాలము పిలిచి, పిల్లలు వారియొద్ద ఒక్కొక్క కీర్తన నేర్చుకొందురు గాక. రెండు, రాబోవు కోత పండుగకు ప్రతివారును తమ చేతిపనిని, అనగా అల్లిన చాపనో, చేసిన కుండనో, కుట్టిన అంగీనో, వ్రాసిన పద్యమునో తెచ్చి బల్లయొద్ద ఉంచుదురు గాక. ఇది నీకేమి వచ్చునని ఎవరిని తీసివేయకుడి. మేకవెండ్రుకలు వడికిన స్త్రీని జ్ఞాపకము చేసికొనుడి. మూడు, నాటకమునకుగాని పందిరికిగాని మనుష్యులను ఏర్పరచునప్పుడు ఈ పేటనుండి ఒకరిని, ఆ పేటనుండి ఒకరిని జతగా పెట్టుడి. మొదట సణుగుదురు. రెండు రాత్రులు ఒకే లాంతరు క్రింద పనిచేసినపిమ్మట ఒకరి చుట్ట ఒకరు వెలిగించుకొందురు అన్నట్లు, మాట కలియును, మనసు కలియును.

గుడారపు పని అంతయు ముగిసినపిమ్మట ఏమి జరిగెను? మేఘము దానిని కమ్మెను. యెహోవా తేజస్సు మందిరమును నింపెను. బెసలేలు తెరమీదనో, అహోలీయాబు కుట్టుమీదనో కాదు, మందిరమంతటిమీదను మేఘము నిలిచెను. ఎవరి పని ఏదో వేరుపరచి చూచుటకు వీలులేకపోయెను. మన చేతుల పనిమీదను ఆ తేజస్సు నిలుచును గాక.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, మా వ్రేళ్లకు నేర్పును, మా గొంతులకు రాగమును ఇచ్చినందులకు నీకు స్తోత్రములు. ఈ యీవులతో మేము దూడలు చేసికొనకుండ మమ్మును కాపాడుము. తృణీకరింపబడిన చేతులను నీ మందిరములో ఘనపరచుము. కష్టపడినవారికి న్యాయమైన కూలి ఇచ్చు మనస్సును మాకు దయచేయుము. మా పేటల మధ్యనున్న గోడలను పడగొట్టి, తెరకు తెర కలిపి, మమ్మును ఒకే మందిరముగా చేయుము. నజరేతులో బాడిసె పట్టి, కల్వరిలో మేకులు పొందిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.